దెబ్బలేని కట్టు

మట్టి పట్టిన జెర్సీల్ని తిన్నగా వేడినీళ్ళలో వేస్తే ఆ మట్టి బట్టలోనే కాపురం పెట్టేస్తుందని ఏసుదాసు నమ్మకం. ముందు చన్నీళ్ళలో గంటసేపు నానాలి, ఆ తర్వాతే మెషిన్. ఆరేసేటప్పుడు తిరగేసి ఆరెయ్యాలి, లేకపోతే వీపు మీది అంకెలు పగుళ్ళిస్తాయి. ట్రాలీ అనే టౌనుకి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న క్యారిగ్‌మోర్ కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి ఏడేళ్ళుగా అతనే కిట్ మనిషి. జెర్సీలు ఉతకడం, బంతుల్లో గాలి కొట్టడం, మైదానానికి తెల్లగీతలు గియ్యడం, ఎవరన్నా పడితే మందుల సంచీ పట్టుకుని పరిగెత్తడం అతని పని. ఈ ఏడేళ్ళలో ఆ జట్టు గెలిచిన మ్యాచ్‌లు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు, అందులోనూ బొటనవేలు మిగిలిపోతుంది. అయినా ఆ కెర్రీ జిల్లా మొత్తమ్మీద ఇంత శుభ్రమైన జెర్సీల్లో ఓడిపోయే జట్టు ఇంకోటి లేదని అతని గర్వం.

ఇప్పుడు ఆ గర్వానికి ఎసరు పెట్టడానికి డ్రెనన్ అనే కోచ్ వచ్చాడు. నెల రోజుల ట్రయల్ మీద తీసుకున్నారు. శనివారం షానన్ నది వైపు నుంచి వచ్చే కాలేజీతో మ్యాచ్. సోమవారం ఐదుగురు కూర్చుని అతన్ని ఉంచాలో పంపాలో తేలుస్తారు. ఆ ఐదుగురిలో స్పోర్ట్స్ ఆఫీసర్ నువాలా, ఇద్దరు లెక్చరర్లు, జట్టు కెప్టెన్ ఆల్వా, ఐదోవాడు ఏసుదాసు. కోచ్‌ని ఎంచుకునేటప్పుడు కిట్ మనిషికి ఓటుండటం ఆ కాలేజీలో పాత ఆచారం. అందరికంటే ఎక్కువసేపు కోచ్‌ని భరించాల్సింది అతనే కాబట్టి అతని మాట కూడా వినాలని వెనకటి ప్రిన్సిపాల్ ఎవరో పెట్టి వెళ్ళాడట.

బుధవారం మధ్యాహ్నం నువాలా ఐదుగుర్నీ పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టింది. ఒకదాంట్లో డ్రెనన్ పాత కాలేజీకి గెలిపించిన మూడు కప్పుల వివరాలున్నాయి. రెండోదాంట్లో అక్కడి ఫిర్యాదులున్నాయి. రిఫరీకి అబద్ధం చెప్పించాడని ఒకటి, ఒకమ్మాయిని నలుగురిలో నానామాటలని ఆట మాన్పించేశాడని ఒకటి. రెండూ చదివి నోరు విప్పింది కెప్టెన్ ఆల్వా ఒక్కతే. నాలుగేళ్ళుగా ఓడిపోతున్నాను, ఈ ఏడాదితో చదువైపోతుంది, ఒక్క కప్పు పట్టుకుని ఫొటో దిగి వెళ్ళాలనుంది, అది తప్పా అని అడిగింది. తప్పని ఎవరూ అనలేకపోయారు. ఏసుదాసు అసలే అనలేకపోయాడు, అతనికీ లోపల అదే కోరిక.

పైగా డ్రెనన్ మీద అతనికి అభిమానం పుట్టేసింది. ఏడేళ్ళుగా కాలేజీలో అందరూ అతన్ని దాస్, దాస్ అని సగం పేరుతోనే పిలుస్తున్నారు. డ్రెనన్ రెండో రోజే వచ్చి, నీ పూర్తి పేరేంటి, ఎలా పలకాలి అని అడిగి, నాలుగుసార్లు నాలిక తిప్పుకుని, చివరికి ఏసుదాసు అని మన బాపట్లవాడిలా అనేశాడు. గీతలు బాగా గీశావన్నాడు. ఏ ప్లేయర్ ఏ కాలు ఈడుస్తోందో నిన్నడిగితేనే తెలుస్తుందన్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఏసుదాసు కూతురు అబిగేయిల్‌కి ఎడమకాలితో గోలు కొట్టడం నేర్పాడు. అబిగేయిల్ అదే కాలేజీలో రెండో ఏడు చదువుతోంది, పదకొండో నంబరు జెర్సీ. ఇప్పటిదాకా ఆ పిల్ల ఎడమకాలు నిలబడటానికి మాత్రమే పనికొచ్చేది. ఇప్పుడు ఆ కాలితో కొడితే బంతి వల వెనకాల ఉన్న హెడ్జి పొదల్లోకి దూరిపోతోంది.

ఆ సాయంత్రం పప్పుచారు, గుడ్డు వేపుడు ముందు పెట్టుకుని ముగ్గురూ ప్రార్థన చేసుకునేటప్పుడు ఏసుదాసు ఒక మొక్కు మొక్కేశాడు. శనివారం గనక గెలిస్తే ఆదివారం తెలుగువాళ్ళ ఫెలోషిప్ ప్రార్థనలో నిలబడి సాక్ష్యం చెబుతానన్నాడు. అబిగేయిల్ ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి చూసింది. భార్య శాంత ఆమెన్ అన్న తర్వాత ఆగలేకపోయింది.

"ఏవండీ, అవతలి టీమ్‌లో పిల్లలకి కూడా అమ్మానాన్నలుంటారు కదా. వాళ్ళూ ప్రార్థన చేస్తే ప్రభువు ఎటు చూస్తాడంటారు?"

ఏడేళ్ళుగా అటే చూస్తున్నాడు, ఒక్కసారి ఇటు చూస్తే తప్పేంటని ఏసుదాసు అన్నం కలుపుకున్నాడు.

*

శనివారం గాలి సముద్రం మీంచి అడ్డంగా కొట్టింది. వాన పడుతూ, మానుతూ, మళ్ళీ పడుతూ ఎటూ తేల్చుకోలేకపోయింది. అవతలి జట్టులో సోర్చా అని నాలుగో నంబరు పిల్ల ఉంది. పొడగరి. ఎవరెటు నుంచి వచ్చినా ఆ పిల్ల కాలు అడ్డం వచ్చేది. అయినా డ్రెనన్ నేర్పిన పాఠాలు ఊరికే పోలేదు, ఆట చివరికొచ్చేసరికి ఒకటికి ఒకటిగా ఉంది. ఇంకా పన్నెండు నిమిషాలుంది. మైదానం అంచున నిలబడ్డ ఏసుదాసు చేతిలో నీళ్ళ సీసా తనకి తెలీకుండానే నొక్కుకుపోయి బూట్లోకి కారుతోంది.

అప్పుడు డ్రెనన్ అబిగేయిల్‌ని గీత దగ్గరికి పిలిచాడు. నీళ్ళు తాగే నెపంతో వచ్చిన పిల్ల చెవిలో ఏదో చెప్పాడు. అబిగేయిల్ ముందు అతని వంక చూసింది, తర్వాత తండ్రి వంక చూసింది, తర్వాత సీసా చేతికిచ్చేసి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఒక బంతి కోసం సోర్చా, అబిగేయిల్ ఇద్దరూ ఎగిరారు. దిగేటప్పటికి అబిగేయిల్ రెండు చేతులతో మొహం పట్టుకుని నేలమీద ఉంది. కేక మైదానం అవతలి రోడ్డుదాకా వినపడింది. రిఫరీ అటువైపు ఉన్నాడు, మధ్యలో నలుగురు పిల్లలు అడ్డం. ఏసుదాసు సంచీ తీసుకుని పరిగెత్తాడు. యాభై రెండేళ్ళ మనిషి, మోకాలు నొప్పి ఉన్న మనిషి, ఆ అరవై గజాలూ ఎలా దాటాడో అతనికే తెలీదు. కన్ను పోయిందేమో అనుకున్నాడు. ముక్కు విరిగిందేమో అనుకున్నాడు. శాంతకి ఏం చెప్పాలి అనుకున్నాడు.

"అబీ, చెయ్యి తియ్యమ్మా. ఎక్కడ తగిలింది?"

వేళ్ళ సందులోంచి ఒక కన్ను అతన్ని చూసింది. ఆ కంట్లో నీళ్ళు లేవు.

"ఐ యామ్ గ్రాండ్, డాడీ," అంది ఆ పిల్ల పెదాలు కదపకుండా. బాగానే ఉన్నానని చెప్పడానికి అక్కడివాళ్ళనే మాట అది. పడి ఉండమని కోచ్ చెప్పాడని కూడా ఇంగ్లీషులోనే చెప్పింది.

ఏసుదాసుకి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వెనక నుంచి రిఫరీ, ఎలా ఉందని అడిగాడు. ఏసుదాసు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సంచీ జిప్పు లాగాడు. తెల్లటి క్రేప్ కట్టు తీశాడు. నుదుటి మీంచి చెవుల పైగా మూడు చుట్లు, ఎక్కడా ముడత పడకుండా, తీరిగ్గా చుట్టి పిన్ను పెట్టాడు. అంత నీటుగా కట్టు కట్టిన పిల్లకి దెబ్బ తగల్లేదని ఎవరంటారు? రిఫరీ జేబులోంచి ఎర్రకార్డు తీశాడు.

సోర్చా రిఫరీ వెనకాలే వెళ్ళింది. నేను తాకలేదండీ అని రిఫరీకి చెప్పింది. రెండోసారి కూడా చెప్పింది. తర్వాత ఏసుదాసు దగ్గరికొచ్చి, నేను తాకలేదు, ఒకవేళ తెలీకుండా తగిలిందేమో, ఈ అమ్మాయికి ఫర్వాలేదా అని అడిగింది. ఏసుదాసు తలెత్తకుండానే గ్రాండ్ అన్నాడు.

తర్వాత కథ ఊరందరికీ తెలుసు. పదిమందితో మిగిలిన అవతలి జట్టు ఎనిమిది నిమిషాలు ఆపగలిగింది. తొమ్మిదో నిమిషంలో తలకి తెల్లకట్టుతో అబిగేయిల్ ఎడమకాలితో కొట్టింది. రెండు ఒకటి. ఈల మోగగానే ఏసుదాసు సంచీ గాల్లోకి విసిరేశాడు. వానలో గంతులేశాడు. ఆల్వా ఏడుస్తూ అతన్ని కావలించుకుంది. అతనూ ఏడ్చాడు. అబద్ధం ఎందుకు, ఆ పావుగంటా అతనికి సోర్చా గుర్తే లేదు. డ్రెనన్ వచ్చి భుజం మీద చెయ్యేసి, నువ్వు లేకపోతే గెలిచేవాళ్ళం కాదు ఏసుదాసూ అన్నాడు. ఏడేళ్ళలో అతనితో ఆ మాటన్నవాళ్ళు లేరు. కాళ్ళు నేలమీద ఆనలేదు.

జెర్సీల మూట భుజాన వేసుకుని కార్ పార్క్ దాటుతుంటే అవతలి జట్టు బస్సు మెట్టు మీద సోర్చా కూర్చుని కనపడింది. బూట్లు ఒళ్ళో పెట్టుకుని లేసులు విప్పుతోంది, విప్పినవే మళ్ళీ విప్పుతోంది. మొహం మీద కొట్టడం పెద్ద తప్పు కిందికి వస్తుందట, మూడు మ్యాచ్‌లు ఆడనివ్వరట. ఆ పిల్లకి ఇది ఆఖరి ఏడు, మిగిలినవే మూడు మ్యాచ్‌లు. ఈ సంగతి గేటు తాళం వేస్తూ నువాలా చెప్పింది. ఏసుదాసు కాళ్ళు నేలకి దిగాయి.

*

ఈలోగా కట్టుతో ఉన్న అబిగేయిల్ ఫొటో తెలుగు ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కిపోయింది. చేతులు జోడించిన బొమ్మలు ముప్ఫై వచ్చాయి. హాస్పిటల్లో డ్యూటీలో ఉన్న శాంత కంగారుపడి ఫోన్ చేస్తే, ఏం లేదు, తగ్గిపోయింది అన్నాడు ఏసుదాసు. ఆవిడ ఆ మాటే గ్రూపులో పెట్టింది. ఇంటికొచ్చి కూతురి కళ్ళలోకి టార్చి వేసి చూసింది. తలంతా తడిమింది. ఇరవై రెండేళ్ళుగా నర్సుగా చేస్తున్న మనిషి, వేళ్ళకే అంతా తెలిసిపోతుంది.

"బొప్పి కూడా లేదు. అంత కట్టు దేనికి కట్టారండీ?"

ముందు జాగ్రత్త అన్నాడు. శాంత టార్చి ఆర్పి అతన్ని ఒక్క చూపు చూసింది.

ఆదివారం పొద్దున అద్దె హాలులో కుర్చీలు సర్దుతుండగానే ఆంటీలంతా అబిగేయిల్‌ని చుట్టేశారు. గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూశారు. నిన్న అంత కట్టు, ఇవాళ చిన్న గీత కూడా లేదు. ఒకావిడ స్వస్థత అంది. ఇంకొకావిడ అద్భుతం అంది. అబిగేయిల్ ఎవరేమన్నా గ్రాండ్, గ్రాండ్ అంటూ బిర్యానీ గిన్నెల వైపు తప్పించుకుంది. పాస్టర్ జయకర్ వారమంతా ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌గా పనిచేసి ఆదివారం అయ్యగారవుతాడు. ఆయన మైకు తీసుకుని, మన బ్రదర్ ఏసుదాసుగారి ఇంట్లో దేవుడు నిన్న రెండు కార్యాలు చేశాడు, ఒకటి విజయం, రెండోది స్వస్థత, వచ్చి సాక్ష్యం చెప్పండి అని పిలిచాడు.

సాక్ష్యానికి ఒక పద్ధతుంది. కష్టం ఏంటో చెప్పాలి, ప్రార్థన ఎప్పుడు చేశామో చెప్పాలి, జవాబు ఎలా వచ్చిందో చెప్పాలి. మధ్యలో ఒక్క మెట్టు కూడా వదలకూడదు, వదిలితే దేవుడు చేసిన పనిలో కొంత దాచుకున్నట్టు. చిన్నప్పుడు బాపట్లలో నాయనమ్మ పక్కన కూర్చుని ఎన్ని విన్నాడో. ఏసుదాసు మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. ఏడేళ్ళ ఓటమి చెప్పాడు, అందరూ నవ్వారు. బుధవారం మొక్కు చెప్పాడు, స్తోత్రం అన్నారు. గాలి, వాన, ఒకటికి ఒకటి, పన్నెండు నిమిషాలు. అంతవరకు నోరు దానంతటదే నడిచింది. ఆ మెట్టు దగ్గర ఆగిపోయింది.

హాలులో పిల్లలు కుర్చీలు ఊపడం కూడా మానేశారు. అంకుల్, దెన్ వాట్ అని ముందు వరసలో ఒకడు అడిగాడు. ఏసుదాసు గిన్నెల దగ్గర నిలబడ్డ కూతురి వంక చూశాడు. ఆ పిల్ల మెల్లిగా తల అడ్డంగా ఊపింది. చెప్పకు డాడీ అని. అతను మైకులో ఊపిరి పీల్చుకోవడం అందరికీ వినపడింది.

"మా అమ్మాయికి దెబ్బ తగల్లేదండీ. తగల్లేదని నాకు తెలుసు. దెబ్బలేని తలకి నేనే కట్టు కట్టాను."

"దేవునికి స్తోత్రం," అన్నాడు వెనక కుర్చీలోంచి ఏలీయా తాత. ఆయనకి చెవులు వినపడవు, సాక్ష్యం ఆగిన చోటల్లా అలవాటుగా అంటాడు.

ఎవరో నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఏసుదాసుకీ నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిగిలింది కూడా చెప్పేశాడు, సోర్చా ఏమడిగిందో, తనేమన్నాడో. నవ్వులు ఆగిపోయాయి. ఇది ఏ రకం సాక్ష్యమో తెలీక జయకర్ అయ్యగారు మైకు అందుకుని భోజనాలకి ప్రార్థన చేసేశారు. శాంత వచ్చి భర్త పక్కన కూర్చుంది, అతని ప్లేటులో ముక్కలు ఎక్కువ వేసింది. అబిగేయిల్ తినకుండా కారులో కూర్చుంది.

దారిలో ఆ పిల్ల మాట్లాడింది ఒక్కటే. మైదానంలోనే చెప్పొచ్చుగా, అక్కడ కట్టు కట్టి ఇక్కడ ఇంతమంది ముందు నా పరువు తియ్యడం ఏంటని ఇంగ్లీషులో అడిగింది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేం లేదు. ఏసుదాసు ఇండికేటర్ వేసి ఇంటి సందులోకి తిప్పాడు.

*

సోమవారం మీటింగులో రెండు ఓట్లు ఇటు, రెండు ఓట్లు అటు పడ్డాయి. నువాలా, ఒక లెక్చరరు వద్దన్నారు. ఆల్వా, ఇంకో లెక్చరరు కావాలన్నారు. మిగిలింది ఏసుదాసు. అందరికీ అతని ఓటు ఎటో తెలుసు, కూతురితో గోలు కొట్టించినవాడికి కాకపోతే ఇంకెవరికి వేస్తాడు? ఆల్వా అప్పుడే ఫోనులో డ్రెనన్‌కి మెసేజ్ టైపు చేస్తోంది.

ఏసుదాసు శనివారం జరిగింది చెప్పాడు. ఇంగ్లీషులో చెప్పడం సాక్ష్యం కన్నా తేలికైంది, ఆ భాషలో అతనికి మాటలు తక్కువ. డ్రెనన్‌ని లోపలికి పిలిచి అడిగారు. అతను ఏమాత్రం తడుముకోలేదు. అవును చెప్పాను, పెద్ద జట్లన్నీ చేసేదే, మీరు గెలవమన్నారు, గెలిపించాను అన్నాడు. తర్వాత ఏసుదాసు వంక చూసి, కోపం లేకుండానే, కట్టు మాత్రం నేను కట్టమనలేదు అన్నాడు.

అది నిజమే. అదే రెండు రోజులుగా ఏసుదాసు గుండెలో గుచ్చుకుంటోంది. డ్రెనన్ బయటికి వెళ్ళాక ఆల్వా అతనివైపు తిరిగింది. అతను మంచి కోచ్ కాదా చెప్పు దాస్, నీ కూతుర్నే అడుగు అంది.

"మంచి కోచే," అన్నాడు ఏసుదాసు. "మా అమ్మాయికి ఎడమకాలితో కొట్టడం నేర్పడానికి రెండు వారాలు పట్టింది. పడిపోవడం నేర్పడానికి ఒక్క మాట సరిపోయింది. నాకైతే ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. ఇంకో నెలుంటే మేమింకా ఏమేం నేర్చుకుంటామో నాకు తెలీదు. నా ఓటు వద్దనే."

ఆల్వా ఫోను బల్ల మీద బోర్లా పెట్టి లేచి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేసింది.

జరిగిందంతా చెబుతూ లీగు కమిటీకి రాసిన ఉత్తరం మీద ఏసుదాసు సంతకం పెట్టాడు. బుధవారానికల్లా జవాబొచ్చింది. సోర్చా కార్డు కొట్టేశారు. మ్యాచ్ ఫలితం మాత్రం మారదట. పడినందుకు అబిగేయిల్‌కి ఒక మ్యాచ్ నిషేధం. కట్టు కట్టినందుకు ఏసుదాసుకి రెండు. నిజం చెప్పినవాడికే పెద్ద శిక్ష వేశారే అని నువాలా ఒకటే నవ్వు. శాంత ఇంకా ఎక్కువ నవ్వింది, ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. అబిగేయిల్ మాత్రం ఆ నాలుగు రోజులూ తండ్రితో గ్రాండ్ అన్న ముక్క తప్ప ఇంకో మాట అనలేదు.

*

తర్వాతి శనివారం ఎండ కాసింది. నిషేధం ఉన్నవాళ్ళు మైదానం గేటు దాటకూడదు. రోడ్డు పక్క ఇనప కంచె పట్టుకుని ఏసుదాసు నిలబడ్డాడు. పది గజాల అవతల అబిగేయిల్ నిలబడింది, హుడీ తలమీదికి లాక్కుని. లోపల కోచ్ లేని జట్టు, పదకొండో నంబరు లేని జట్టు, ఉతికిన తెల్లటి జెర్సీల్లో మూడు గోల్స్ తిని దీక్షగా ఓడిపోతోంది.

ఆట చివర్లో ఆల్వా పిక్క పట్టుకుని కూలబడింది. సంచీ పట్టుకుని నువాలా పరిగెత్తింది. వెళ్ళి జిప్పులన్నీ లాగింది. దూదొచ్చింది, కత్తెరొచ్చింది, ఒక బూటు లేసొచ్చింది. నొప్పికి కొట్టే స్ప్రే మాత్రం రాలేదు.

"ఎడమ పక్క జేబు," అని ఏసుదాసు కంచె అవతల నుంచి తెలుగులో అరిచాడు.

"లెఫ్ట్ సైడ్, నువాలా, లెఫ్ట్ సైడ్," అని పది గజాల అవతల నుంచి అదే క్షణాన అబిగేయిల్ అరిచింది.

ముందు కాలు చాపించమని, బొటనవేలు వెనక్కి వంచమని అతను చెప్పడం, ఆ పిల్ల ఇంగ్లీషులో అందుకోవడం, నువాలా అలాగే చెయ్యడం, రెండు నిమిషాలు అదే సరిపోయింది. చివరికి ఆల్వా లేచి కుంటుకుంటూ నాలుగడుగులు వేసింది. కంచె వైపు ఓసారి చూసింది. సోమవారం నుంచి మాట్లాడని పిల్ల బొటనవేలు పైకెత్తి చూపించి, వెంటనే తిరిగి బంతి వెనకాల వెళ్ళిపోయింది.

అరుపుల్లో ఎప్పుడు జరిగిందో గానీ, అబిగేయిల్ ఇప్పుడు పక్కనే ఉంది. కంచె కమ్మీల్లో వేళ్ళు దూర్చి లోపలికే చూస్తోంది. కాసేపటికి, ఆరోజు నేను పడినప్పుడు నీకు తెలుసా, అబద్ధమని, అని ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు చెప్పేదాకా తెలీదు."

మరి పరిగెత్తేటప్పుడు ఏమనుకున్నావని అడిగింది. లోపల ఎవరో బంతిని తప్పువైపు కొట్టారు.

"నీ కన్ను పోయిందనుకున్నానమ్మా."

అబిగేయిల్ అతని వైపు తిరిగింది. హుడీ తలమీంచి వెనక్కి తోసేసింది. కప్పు ఆశ పోయినందుకు, కార్డు ఇప్పించినందుకు, నిషేధానికి, ఫెలోషిప్‌లో పోయిన పరువుకి ఎవరు ఎవరికి సారీ చెప్పాలో వారం నుంచి తేలని పిల్ల, తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"దానికి సారీ, డాడీ," అంది. తెలుగులో అంది.

లోపల నాలుగో గోలు పడింది.